యాభై మూడు కిలోలు

జనవరి 12, జనగామ

తూకం మిషన్ మీద నుంచి పడిపోయాక మళ్లీ ఇవ్వాళే దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిప్పి చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"తిండి చాలక నీ ఒళ్లు నిన్నే తింటోందమ్మా. నెలసరి ఎప్పటి నుంచి రావడం లేదు?"

బతుకమ్మ పండగ ముందు నుంచి అన్నాను. అబద్ధం. బోనాలప్పటి నుంచే లేదు.

"ఇరవై రెండేళ్ల పిల్లవి. నీ ఎముకలు చూస్తే ముసలామె ఎముకల్లా ఉన్నాయి. కుస్తీ మానెయ్యమని అనను. కానీ ఆ యాభై కిలోల కోసం ఎండబెట్టుకోవడం మానాలి."

బయట వరండాలో మా కోచ్ సదానందం సార్ నిలబడి ఉన్నాడు. ఆయనకు ముందే చెప్పినట్టుంది. నా మొహం చూడకుండా నేలకేసి చూస్తూ మాట్లాడాడు.

"ఇగ యాభై మూడుల ఆడు బిడ్డా. తొందర లేదు. మెల్లగ పెరుగు. కండ పెరగాలె, కడుపు గాదు."

"మరి ఖుష్బూ?"

"ఖుష్బూ యాభైలనే ఉంటది."

నాకేం బాధ లేదు. పై బరువు క్లాసుకు వెళ్లడం మంచిదే. ఎంతమంది వెళ్లలేదు!

జనవరి 13

నాలుగేళ్లుగా ఖుష్బూ నా జోడీ. కుస్తీలో జోడీ అంటే సరిసమానమైన బరువున్న మనిషి. రోజూ నేను ఆమెను ఎత్తేదాన్ని, ఆమె నన్ను ఎత్తేది. ఎప్పుడు ఊపిరి బిగబట్టి నా కాలి మీదికి దూకుతుందో కళ్లు మూసుకుని కూడా చెప్పగలను. నేను అలసిపోయానని నాకంటే ముందు ఆమెకు తెలుస్తుంది.

పోటీలకు ముందు ఇద్దరం కలిసే ఎండిపోయేవాళ్లం. వాళ్లింట్లో కూర్చుని ఒకే కమలాపండు తొనలు పంచుకుని, నమిలి, రసం మింగకుండా ఉమ్మేసేవాళ్లం. దానికి కూడా నవ్వేవాళ్లం. ఇద్దరిదీ ఒకే ఆకలి అయినప్పుడు అది ఆకలిలా ఉండేది కాదు. తూకం అయిపోగానే వాళ్లమ్మ రషీదా బేగం ఖిచిడీ, పుల్లటి ఖట్టా ఉన్న డబ్బా విప్పేది. నేనూ ఆమెను అమ్మీ అనే పిలుస్తాను.

పోయిన నెల నేను పడిపోయినప్పుడు మిషన్ సరిగ్గా యాభై చూపించిందట. నేను చూడలేదు. నన్ను బయటికి మోసుకొచ్చింది ఖుష్బూనే అని తర్వాత చెప్పారు.

జనవరి 21

తినడం ఇంత కష్టమని తెలియదు. రెండు జొన్నరొట్టెలు, పప్పు, గుడ్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. సగం తినేసరికి గొంతు మూసుకుపోయింది. పొట్ట చిన్నదైపోయింది, మెల్లగా అదే సాగుతుంది అని డాక్టరమ్మ చెప్పింది. ఒకేసారి కాకుండా మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా తినమంది. పొద్దున పాలు, గుడ్లు. బడిలో పిల్లలకు డ్రిల్లు చేయించి వచ్చాక ఉడికించిన పల్లీలు. సాయంత్రం బొబ్బర్ల గుడాలు.

స్టేషన్ వెనక నా గదిలో కిటికీకి ఎదురుగా ఒక గోడ ఉంది. గోడను చూస్తూ తింటాను.

జిమ్ములో ఒకతను ఏదో పొడి డబ్బా చూపించి, నెలలో ఐదు కిలోలు గ్యారంటీ అన్నాడు. సార్‌కు చెప్పాను. "నెలకు ఐదు కిలోలు పెరిగేది పందిపిల్ల. నువ్వు బరువులెత్తు, అన్నం తిను, మంచిగ నిద్రపో" అన్నాడు.

ఈ మాట ఖుష్బూకు చెబితే పడిపడి నవ్వేది. ఆమె ప్రాక్టీసు ఇప్పుడు పొద్దున. నాది సాయంత్రం.

ఫిబ్రవరి 6

తూకం చూసుకున్నాను. యాభై ఒకటిన్నర.

నాలుగేళ్లు ఆ అంకె తగ్గితేనే నేను మంచిదాన్ని, పెరిగితే చెడ్డదాన్ని. ఇవ్వాళ పెరిగింది, సార్ భుజం తట్టాడు. నాకు మాత్రం ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు అనిపించింది. గదికి వచ్చి ఏడ్చాను. ఎందుకో తెలియదు. తర్వాత మొహం కడుక్కుని పాలు తాగాను.

ఫిబ్రవరి 15

జనగామలో యాభై మూడులో అమ్మాయిలు ఇంకెవరూ లేరు. సార్ నాకు ఇసుక, గుడ్డపీలికలు కుక్కిన తోలు బొమ్మ ఇచ్చాడు. దాన్నే ఎత్తుతున్నాను, దాన్నే పడేస్తున్నాను.

పడేసిన తర్వాత అది లేవదు. నేనే లేపి నిలబెట్టాలి.

ఖుష్బూకు కొత్త జోడీ దొరికింది. సింధు అని ఇంటర్ పిల్ల. మంచి పిల్లే.

మార్చి 6

రంజాన్ మొదలై నాలుగు రోజులైంది. అమ్మీ ఫోన్ చేసి ఇఫ్తార్‌కు రమ్మంది. "పోయినేడు రోజూ వస్తుంటివి. గీ యేడు ఏమైంది నీకు?"

ప్రాక్టీసు ఉందని చెప్పాను. రేపు వస్తానన్నాను.

మార్చి 20

వెళ్లాను. పళ్లు, మిర్చీలు, హలీం. అమ్మీ నా పళ్లెంలో పెడుతూనే ఉంది. "ఇప్పుడు జర మొహంల రక్తం కనబడుతున్నది, మాషాల్లా" అంది. నాకు సంతోషమేసింది. తిన్నాను. ఆ ఇంట్లో గొంతు మూసుకుపోలేదు.

ఖుష్బూ ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, సగం గ్లాసు నీళ్లు తాగి, నమాజుకని లోపలికి పోయింది. తిరిగి వచ్చి తల నొప్పి అంది. పళ్లెం ముట్టలేదు.

"రోజాలుంటె సన్నగయితరు బేటా. ఈద్ అయినంక మళ్ల మామూలుకొస్తది" అంది అమ్మీ.

ఖుష్బూ మెడ కింది ఎముకలు చూశాను. అవి ఉపవాసానికి తేలిన ఎముకలు కావు. అద్దంలో నావి ఎన్నిసార్లు చూసుకోలేదు!

మార్చి 31

ఈద్. అమ్మీ పెద్ద గిన్నెల్లో షీర్ ఖుర్మా పోసి ఇచ్చింది. ఖుష్బూ తన గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయింది. చాలా రోజులకు ఇద్దరం మాట్లాడుకోవచ్చని నేనూ వెనకాలే పోయాను.

మేక ముందున్న కుడితి బకెట్లో పోస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆగిపోయింది.

"అమ్మీకి చెప్పకు."

"ఎన్ని దినాలనుంచి గిట్ల?"

"ఏంది ఎన్ని దినాలు? నువ్వు చెయ్యలేదా? మే నెలాఖర్ల సెలక్షన్ ఉన్నది. నా ఒళ్లు యాభై మూడుకే పోతున్నదే. యాభైల పెట్టుకోవాలంటె ఏం జెయ్యాలె మరి?"

"నేను పడిపోయిన్నాడు నువ్వే గద మోసింది?"

"నువ్వు పడ్డవ్. నేను పడ." గిన్నె కుళాయి కింద కడిగింది. "నువ్వు యాభై మూడుకు పోయి హాయిగ తింటున్నవ్. సార్ నన్ను అడిగిండా పోతవా అని? నిన్నొక్కదాన్నే పంపిండు. ఇగ నా సంగతి నీకెందుకు?"

ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి పోయి, "మస్తున్నది అమ్మీ" అంది. నేనూ నవ్వి అదే అన్నాను.

ఏప్రిల్ 9

ఎవరి ఒళ్లు వాళ్లకు తెలియదా! నాకెందుకు.

ఏప్రిల్ 18

ఇవ్వాళ పొద్దున నెలసరి వచ్చింది.

బాత్రూములో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. తొమ్మిది నెలలు. ఒకప్పుడు రాకపోతే పీడ పోయిందని ఇద్దరం చేతులు చరుచుకున్నాం. ఇవ్వాళ కడుపులో నొప్పి వస్తుంటే, ఒళ్లు నన్ను క్షమించి మళ్లీ నాతో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇది ఎవరికి చెప్పే మాట? మా ఊరు గూడూరులో నన్ను కన్న అవ్వకు ఫోన్ చేశాను. వానలేమన్నా పడ్డాయా అని అడిగాను. ఏప్రిల్‌లో వానలేందే అంది. తిన్నవా అని అడిగింది. తిన్నానన్నాను. పెట్టేశాను.

ఖుష్బూ నంబరు తీసి చూశాను. చెయ్యలేదు.

ఏప్రిల్ 19

బరువు యాభై రెండు దాటింది. నడుము దగ్గర జెర్సీ బిగుతైంది. తొడల్లో బలం తెలుస్తోంది. తోలు బొమ్మను ఇప్పుడు భుజం మీదికి సులువుగా వేస్తున్నాను.

మే 3

తిన్నాను. ఎత్తాను. పడుకున్నాను.

మే 11

పొద్దున బడికి సెలవు కాబట్టి హాలుకు ముందే వెళ్లాను. బయట ఎండ అప్పటికే మండిపోతోంది. ఖుష్బూ ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని, మీద స్వెటర్ తొడుక్కుని, గ్రౌండు చుట్టూ పరుగెత్తుతోంది. అడుగులు తిన్నగా పడటం లేదు. నేను గేటు దగ్గర నిలబడి ఉండగానే పిక్క పట్టేసి కూలబడింది.

పరుగెత్తుకుని పోయి కాలు పట్టుకున్నాను. రాయిలా బిగుసుకుపోయింది. ఆ ఎండలో కూడా చేతులు చల్లగా ఉన్నాయి. నీళ్ల సీసా కోసం ఆమె సంచి తెరిచాను. సీసా లేదు. గోలీల పట్టీ ఉంది, సగం ఖాళీ. పేరు చూడగానే తెలిసింది. ఒంట్లో నీరంతా బయటికి తీసేసే గోలీలు. పట్టుబడితే ఆటే బంద్ అని సార్ మొదటి రోజే మా అందరికీ చెప్పిన గోలీలు.

"నాకు గూడ నీ లెక్కనే నెల వస్తలేదు. ఏమైతది? ఒక్క సెలక్షన్ అయిపోనీ" అంది.

"ఖుష్బూ, గుండె ఆగిపోతదే."

"ఒట్టెయ్. ఎవ్వరికి చెప్పనని నా మీద ఒట్టెయ్."

వెయ్యలేదు. వేశానని అనుకుందేమో. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది మరి.

మే 12

చెబితే సెలక్షన్ పోతుంది. ఓర్వలేక చెప్పిందంటారు. నిజంగానే ఓర్వలేకనా? నాలుగు నెలలుగా ఆమె పొద్దుటి ప్రాక్టీసుకు వెళ్లే దారి పక్కనే నా గది. ఒక్కసారి కూడా తలుపు తట్టలేదు. ఆ కోపం నాకుంది. లేదని రాస్తే ఎవరు నమ్ముతారు? చదివేది నేనొక్కదాన్నే అయినా.

చెప్పకపోతే.

మే 13

చెప్పకపోతే అని నిన్న రాసి ఆపేశాను. దాని తర్వాత రాయడానికి చెయ్యి రాలేదు. అప్పుడే తెలిసింది చెప్పాలని.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఖుష్బూ లేని వేళ చూసుకునే వెళ్లాను. అమ్మీ బియ్యం ఏరుతోంది. గోలీల సంగతి, మేక సంగతి, గ్రౌండులో పడిపోయిన సంగతి, నెలసరి సంగతి అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపు ఆమె చేట కిందికి దించలేదు.

"ఈద్ దినమే చూసినవా?"

"ఆ అమ్మీ."

"నా ఇంట్ల కూసోని నా చేతి అన్నం తిన్నవ్. నా బిడ్డ మేకకు పోసింది చూసినవ్. నా మొహం చూసి నవ్వినవ్, మస్తున్నది అమ్మీ అన్నవ్. గిన్ని దినాలు ఎట్ల ఊకున్నవే?"

అమ్మీ లేచింది. చేటలో బియ్యం నేల మీద చెదిరిపోయాయి. ఏరడానికి వంగాను.

"వద్దు. పో ఇంటికి."

మే 15

అమ్మీ హాలుకు వచ్చి సార్‌తో మాట్లాడిందట. సార్ ఖుష్బూను దవాఖానకు తీసుకుపోయాడు. ఒంట్లో ఉప్పు పడిపోయిందని రెండు రోజులు ఉంచాలన్నారట. ఇంకో వారం ఆ గోలీలు మింగి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ అన్నదట. ఇదంతా సింధు చెప్పింది.

చూడ్డానికి వెళ్లాను. వార్డు తలుపు దగ్గర నన్ను చూసి ఖుష్బూ గోడ వైపు తిరిగింది. అమ్మీ కుర్చీలోంచి లేవలేదు.

అరటిపళ్లు నర్సు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మే 24

సార్ పిలిచి కూర్చోబెట్టాడు.

"తప్పు నాది గూడ ఉన్నది. నీతోటి ఆపిన, ఆ పిల్లను చూడలే. ఇగ ఆమె గూడ యాభై మూడుకే వస్తది. డాక్టరమ్మ యాభై మాటే ఎత్తద్దన్నది."

అప్పుడు అర్థమైంది. ఇద్దరం మళ్లీ ఒకే క్లాసు. ఒక క్లాసుకు జిల్లా నుంచి రాష్ట్ర పోటీలకు ఒక్కరే వెళ్తారు.

"సెలక్షన్ ఆగస్టుకు జరిపిన్రు. ఇద్దరికి కుస్తీ పెడ్త. గెలిచినోల్లు పోతరు. ఏమంటవ్?"

"సార్, నాది మానుకోట, అదే మహబూబాబాద్ జిల్లా గద. నేను అక్కడి నుంచి ఆడొచ్చా?"

"ఆడొచ్చు. కానీ అక్కడ మ్యాట్ లేదు, జోడీ లేదు. ఒక్కదానివే ఏం జేస్తవ్ బిడ్డా?"

ఇక్కడ మాత్రం ఏముంది?

మే 29

గది ఖాళీ చేశాను. ఉద్యోగం మానేస్తున్నానని బడికి రాసిచ్చాను. హాలులో నా డబ్బా తీసుకోవడానికి వెళితే ఖుష్బూ ఉంది. పద్దెనిమిది రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడింది.

"పారిపోతున్నవా?"

"నీకు అడ్డం రావద్దని."

"నేనడిగిన్నా? చెప్పేటప్పుడు అడగలే. పోయేటప్పుడు అడగలే. అన్నీ నీ ఇష్టమే."

రైలు ఎక్కాను. మహబూబాబాద్ వచ్చేదాకా కిటికీ బయట చూడలేదు.

జూన్ 14, గూడూరు

అవ్వ నన్ను చూసి, "ఇప్పుడు మనిషి తీరుగున్నవ్" అంది. పక్కింటి వాళ్లు వచ్చి "లావైనవేందే" అన్నారు. అవ్వ వాళ్లను తిట్టి పంపింది.

పొద్దున బాపుతో పొలానికి వెళ్తున్నాను. విత్తనాలు పెడుతున్నారు. యూరియా బస్తా భుజానేసుకుని గట్టు మీద పరుగెత్తుతాను. బాపు ఎడ్లను పక్కకు పట్టుకుని దారి ఇస్తాడు.

ఇక్కడ తిండికి కష్టం లేదు. బర్రె పాలు, మక్క గట్క, కోడిగుడ్లు. నేను తినేదాకా అవ్వ కదలదు.

జూలై 2

బస్తా పట్టుకుంటే బస్తాలాగే ఉంటుంది. అది నన్ను పట్టుకోదు.

జూలై 20

వాన. పొలం పని లేదు. వాకిట్లో ఒక్కదాన్నే గాలిని పట్టుకుని నడుం పట్టు తిప్పుతుంటే అవ్వ అరుగు మీద కూర్చుని చూసింది. కొంచెంసేపటికి కొంగు నడుముకు బిగించి వచ్చి నా ముందు నిలబడింది.

"నీకు మనిషి గావాలె గద. నన్ను పట్టుకో."

"అవ్వా, నడుం విరుగుతది."

"ఏం విరగదు. నాట్లేసిన నడుం. పట్టు."

పట్టుకున్నాను. మెల్లగా పైకెత్తాను. బురదలో ఆమె కాళ్లు నేలను వదలగానే చిన్నపిల్లలా కేక పెట్టింది. జాగ్రత్తగా దించాను. ఇంకా నా భుజాలు పట్టుకునే ఉంది. తల మీద వాన పడుతోంది.

"ఎన్నేండ్లయిందే నన్నెవలన్న ఎత్తుకోక!" అంది. కళ్లు తుడుచుకుంది. నవ్వింది.

తర్వాత లోపల రొట్టెలు చేస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. "ఖుష్బూ ఫోన్ చేస్తలేదేందే?"

"ప్రాక్టీసుల ఉన్నది."

"మరి నువ్వు?"

"నేను గూడ."

ఆగస్టు 23, మహబూబాబాద్

జిల్లా సెలక్షన్. యాభై మూడులో నేను తప్ప ఎవరూ రాలేదు. ఖాళీ మ్యాట్ మధ్యలో నిలబెట్టి నా చెయ్యి ఎత్తారు. చప్పట్లు కొట్టింది బాపు ఒక్కడే.

సెప్టెంబర్ 12, భూపాలపల్లి

రేపు రాష్ట్ర పోటీ. హాలులో దూరం నుంచి చూశాను. ఖుష్బూ భుజాలు నిండాయి. బుగ్గలు వచ్చాయి. నడకలో తూలడం లేదు.

అంతే. ఇంకేమీ అనుకోలేదు.

సెప్టెంబర్ 13

పొద్దున ఇడ్లీ తిని తూకానికి వెళ్లాను. తూకం రోజు తిని వెళ్లడం నా జన్మలో ఇదే మొదటిసారి. యాభై రెండు కిలోల ఎనిమిది వందలు. అంకెను కళ్లారా చూశాను.

మొదటి కుస్తీ గెలిచాను. రెండోది గెలిచాను. ఆ తర్వాత సెమీఫైనల్‌కు పేర్లు పిలిచారు. నాకు ఎర్ర జెర్సీ. నీలం జెర్సీ ఖుష్బూకు.

తొమ్మిది నెలల తర్వాత మ్యాట్ మీద ఆమె చేతులు నా చేతుల మీద పడ్డాయి. బరువుగా ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి. మే నెలలో గ్రౌండులో పట్టుకున్న చల్లటి చేతులు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగిపోయాను. ఆ క్షణంలోనే కాలు లాగి రెండు పాయింట్లు తీసుకుంది. అప్పుడు ఒళ్లు మండింది. నేనూ దూకాను. రెండు, మళ్లీ రెండు. విరామానికి నేను నాలుగు, ఆమె రెండు.

రెండో రౌండులో ఇద్దరం తల తలకు ఆనించి నెట్టుకున్నాం. ఆమె ఊపిరి నాకు వినబడుతోంది. ఎటు తిరుగుతుందో నాకు తెలుసు, నేను ఎటు తిరుగుతానో ఆమెకు తెలుసు. అందుకే ఎవరమూ కదల్లేకపోయాం. అరనిమిషం కూడా లేదని ఎవరో అరిచారు. ఆమె నడుం పట్టింది. నాలుగేళ్లలో వెయ్యిసార్లు పట్టిన పట్టే. ఎప్పుడూ విడిపించుకునేదాన్ని. ఇవ్వాళ ఆ చేతులు విడలేదు. నా కాళ్లు లేచాయి. పైకప్పు దీపాలు కనిపించాయి. వీపు నేలకు తగిలింది.

ఆ పట్టుకు నాలుగు పాయింట్లు. ఆరు, నాలుగు. ఆమె గెలిచింది.

వదిలేశానని ఎవరైనా అనుకుంటారేమో. వదల్లేదు. ఉన్న బలమంతా పెట్టాను. ఇన్ని నెలలు తిన్న తిండంతా పెట్టాను. ఆమె నాకంటే గట్టిగా ఉంది.

ఫైనల్ కూడా ఖుష్బూనే గెలిచింది. జాతీయ పోటీలకు ఆమె వెళ్తుంది. నాకు మూడో స్థానం.

హాలు వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వచ్చింది. మెడలో పతకం ఉంది.

"నిజం చెప్పు. వదిలినవా?"

"లేదు."

"నా మీద జాలిపడి..."

"లేదే. ఆపుకోలేకపోయిన. నీ చేతులు విడిపించుకోరాలే."

నా మొహంలోకి చూస్తూ నిలబడింది. అబద్ధం చెబితే ఆమెకు తెలిసిపోతుంది. అబద్ధం కాదని కూడా తెలిసిపోయింది. కుళాయి కింద చెయ్యి పెట్టి నీళ్లు తాగింది. ఆగకుండా చాలాసేపు తాగింది. పోతూ పోతూ వెనక్కి తిరక్కుండానే అంది.

"అమ్మీ నిన్ను ఇంటికి రమ్మన్నది. నేనైతె రమ్మంటలేను."

సెప్టెంబర్ 16, గూడూరు

ఓడిపోయినందుకు ఏడ్చాను. బాగా ఏడ్చాను. నేను నోరు విప్పకుండా ఉండి ఉంటే ఆ చేతులకు ఆ బలం వచ్చేది కాదు. నేనే పోయేదాన్ని జాతీయ పోటీలకు. అని అనుకోగానే ఒళ్లు జలదరించింది. నోరు విప్పకుండా ఉండి ఉంటే అసలు ఆ చేతులే ఉండేవి కావు.

సెప్టెంబర్ 21

సార్ ఫోన్ చేశాడు.

"జాతీయ పోటీలు దగ్గర పడ్డయి. ఖుష్బూకు జోడీ కావాలె. యాభై మూడుల నువ్వు తప్ప ఎవలున్నరు? నువ్వు ఆడేది గాదు, ఆమెతోటి ఆడించేది. అడగొచ్చో లేదో తెల్వది. నీ ఇష్టం బిడ్డా."

"ఖుష్బూ అడిగిందా సార్?"

"అడగలే. కాని వద్దని గూడ అనలే."

వెళ్లను. నన్ను ఓడించినదానికి నేనెందుకు బొమ్మలా నిలబడాలి?

సెప్టెంబర్ 24

బడివాళ్లు మళ్లీ రమ్మన్నారు. నా చోట్లో ఎవరూ కుదరలేదట. ఉద్యోగం ఊరికే పోగొట్టుకోవడం ఎందుకు? దానికోసమే వెళ్తున్నాను.

అవ్వ రొట్టెలు మూట కట్టింది. నేనేమీ చెప్పకుండానే రెండు మూటలు కట్టింది.

సెప్టెంబర్ 28, జనగామ

ముందు అమ్మీ దగ్గరికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూసి, లోపలికి పోయి పళ్లెం తెచ్చి పెట్టింది. నేను తింటున్నంతసేపు ఎదురుగా కూర్చుంది. అయిపోయాక, "మళ్ల ఎప్పుడన్న గిట్లయితె అదే దినం చెప్పాలె. సమజైందా?" అంది. తల ఊపాను. నా తల మీద చెయ్యి పెట్టింది.

ఖుష్బూ గదిలోనే ఉంది. బయటికి రాలేదు.

సాయంత్రం హాలులో సార్ మా ఇద్దరినీ మ్యాట్ మీదికి పిలిచాడు. ఖుష్బూ నా కళ్లలోకి చూడలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. అడుగుతుందని నేను అనుకోనూ లేదు. బూట్ల లేసులు బిగించుకుని వచ్చి ఎదురుగా వంగి నిలబడింది. పట్టుకున్నాను. నన్ను ఎత్తి పడేసింది. లేచాను.

"ఇంకోసారి" అంది.

పట్టుకున్నాను. ఈసారి నేను ఆమెను పడేశాను. లేచి చేతులు దులుపుకుంది.

"ఇంకోసారి."

సింధు ఇంటికి పోయింది. సార్ తాళంచెవి గుమ్మం మీద పెట్టి పోయాడు. ఇవ్వాళంతా ఖుష్బూ నాతో అన్నది ఆ ఒక్క మాటే. ఇద్దరికీ చేతులు లేవనంత వరకూ అంటూనే ఉంది.